మూర్ఛ మందులు: వాల్ప్రోయేటా, లెవెటిరాసెటామా, కార్బమజెపీనా... ఎవరికి ఏది మేలు?

పదిహేనేళ్ల అబ్బాయికి ఫిట్స్ వచ్చాయని కార్బమజెపీన్ మొదలుపెట్టారనుకోండి. కొన్నాళ్లకు పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడటం ఎక్కువైంది. డోసు చాల్లేదేమోనని పెంచితే ఆ అదురు ఇంకా పెరుగుతుంది. కార్బమజెపీన్ మంచి మందే. మెదడులో ఒకచోట మొదలయ్యే మూర్ఛకు అరవై ఏళ్లుగా పనిచేస్తూనే ఉంది. ఆ అబ్బాయికి ఉన్న మూర్ఛ ఆ రకం కాదు, అంతే. అందుకే ఏ మందు మేలో తేల్చడానికి ముందు ఫిట్స్ తీరు చూడాలి. వయసు, ఆడా మగా, ఉన్న ఇతర జబ్బులు, ఖర్చు ఆ తర్వాత వస్తాయి.

ఇక్కడ రాసిన డోసులు కిడ్నీలు, లివర్ బాగున్న పెద్దవాళ్లకు మామూలుగా వాడేవి. పిల్లలకు బరువును బట్టి లెక్క వేరు. మీ చీటీలో వేరే అంకె ఉంటే ఎందుకని డాక్టరును అడగండి, సొంతంగా మార్చకండి. ఈ మందుల్లో దేన్నీ ఒక్కసారిగా ఆపకూడదు. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, వెంటనే ఆపాల్సి వచ్చేది అలాంటప్పుడే.

ముందు ఫిట్స్ తీరు

ఫోకల్ మూర్ఛ మెదడులో ఒక చోట మొదలవుతుంది. ఒక చేయి లాగడం, మూతి ఒక పక్కకు పోవడం, కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు అనిపించడం, చూపు నిలిచిపోయి పెదాలు చప్పరించడం, బట్టలు నలపడం దీని గుర్తులు. అక్కడి నుంచి పాకి ఒళ్లంతా కొట్టుకోవచ్చు. చూసేవాళ్లకు చివరిది మాత్రమే గుర్తుండి, 'కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు' అని డాక్టరుతో చెప్తారు. మందు ఎంపిక తప్పేది ఎక్కువగా ఇక్కడే.

జనరలైజ్డ్ మూర్ఛ రెండు పక్కలా ఒకేసారి మొదలవుతుంది, ముందు హెచ్చరిక ఉండదు. ఇందులోనే పిల్లలు క్లాసులో పది సెకన్లు శూన్యంగా చూస్తూ ఉండిపోయే ఆబ్సెన్స్ ఉంది. టీనేజీలో మొదలయ్యే జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ కూడా ఇందులోదే. దాన్ని జేఎమ్‌ఈ అంటారు. నిద్ర లేచిన గంటలోపు చేతులు ఉలిక్కిపడి బ్రష్షో, కాఫీ గ్లాసో జారిపడుతుంది. అదేదో అజాగ్రత్త అనుకుని ఇంట్లో తిడతారు. పరీక్షల ముందు రాత్రంతా మేలుకుని చదివిన మర్నాడు మొదటి పెద్ద ఫిట్ వస్తుంది. ఇంటర్ చదివే పిల్లల్లో ఇది తరచూ కనిపించే తీరు. పొద్దున చేతుల్లోంచి వస్తువులు జారిపోతున్నాయా అన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలాసార్లు రకం తేలిపోతుంది.

ఫోన్‌లో తీసిన ఫిట్ వీడియోకు, మెదడులోని విద్యుత్ తరంగాల్ని నమోదు చేసే ఈఈజీ పరీక్షకు ఉన్నంత విలువ ఉంది. అందులో మొదటి పది సెకన్లు ముఖ్యం: తల ఎటు తిరిగింది, ఏ చేయి ముందు కదిలింది, పిలిస్తే పలికారా? ఈఈజీ మామూలుగా వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని కాదు. నిద్ర తక్కువగా పోయి తీయించిన ఈఈజీలో దొరికే అవకాశం పెరుగుతుంది.

జనరలైజ్డ్ మూర్ఛకు: వాల్ప్రోయేట్, లెవెటిరాసెటామ్

ఫిట్స్ ఆపే బలం ఒక్కటే చూస్తే వాల్ప్రోయేట్‌దే పైచేయి. మన షాపుల్లో వాల్పారిన్, ఎన్‌కోరేట్ లాంటి పేర్లతో దొరుకుతుంది. బ్రిటన్‌లో జరిగిన సానాడ్ పరిశోధన 2007లో జనరలైజ్డ్ మూర్ఛకు దీన్నే ముందు నిలిపింది. 2021లో వెలువడిన సానాడ్-2 దీన్ని లెవెటిరాసెటామ్‌తో నేరుగా పోల్చింది, అప్పుడూ వాల్ప్రోయేటే మెరుగ్గా తేలింది. పెద్ద ఫిట్స్, ఆబ్సెన్స్, మయోక్లోనిక్ జర్కులు (ఒళ్లు ఉలిక్కిపడటం) మూడింటి మీదా పనిచేస్తుంది. రకం ఇంకా తేలని స్థితిలో దీన్ని ఎంచుకోవడానికి కారణం అదే. మామూలుగా రాత్రి 300 నుంచి 500 మి.గ్రాతో మొదలుపెట్టి, కిలోకు 15 నుంచి 25 మి.గ్రా వరకు తీసుకెళ్తారు. జేఎమ్‌ఈలో చాలామందికి 500 నుంచి 1000 మి.గ్రాతోనే ఆగిపోతాయి.

దీని ఇబ్బందులు తెలిసే ఒప్పుకోవాలి. బరువు పెరుగుతుంది, జుట్టు రాలుతుంది, చేతులు సన్నగా వణుకుతాయి. వణుకు డోసుతో పాటే పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు కాబట్టి ఆపరేషనుకు ముందు చూసుకోవాలి. మనిషి రోజురోజుకూ మందకొడిగా మారుతుంటే లివర్ పరీక్షలు బాగున్నా రక్తంలో అమ్మోనియా చూడాలి, ఎక్కువగా తప్పిపోయే పరీక్ష ఇదే. రెండేళ్ల లోపు పిల్లల్లో, ముఖ్యంగా మైటోకాండ్రియా (కణాలకు శక్తినిచ్చే భాగం) జబ్బులున్నవాళ్లలో, లివర్ పూర్తిగా దెబ్బతినే ప్రమాదం ఉంది. మొదటి ఆరు నెలల్లో వాంతులు, ఆకలి పోవడం, మత్తు కలిసి వస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. ఇంకో ప్రమాదం ఆస్పత్రిలో పొంచి ఉంటుంది. వేరే ఇన్ఫెక్షన్‌కి మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడితే, ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో వాల్ప్రోయేట్ సగానికన్నా కిందికి పడిపోతుంది. డోసు పెంచినా తిరిగి రాదు. వాల్ప్రోయేట్ వాడుతున్నారని ఐసీయూ వాళ్లకు ముందే చెప్పాలి, ఆ కొన్ని రోజులకు వేరే మూర్ఛ మందు అండగా కావాలి.

లెవెటిరాసెటామ్ (లెవిపిల్ లాంటివి) గెలిచేది వేరే చోట. లివర్ మీద భారం వేయదు, వేరే మందులతో గొడవ పడదు, మొదటి రోజు నుంచే పనికొచ్చే డోసు ఇవ్వొచ్చు. నోటి ద్వారా ఎంత ఇస్తారో సెలైన్‌లోనూ అంతే. 500 మి.గ్రా రెండు పూటలా మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి రోజుకు 3000 వరకు పెంచుతారు. కిడ్నీల ద్వారా బయటికి పోతుంది కాబట్టి క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లకు తగ్గించాలి. డయాలసిస్‌లో సగం దాకా కొట్టుకుపోతుంది కాబట్టి ఆ రోజు డయాలసిస్ అయ్యాక అదనపు డోసు ఇవ్వాలి.

దీని అసలు బలహీనత మనసు మీద పడే ప్రభావం. ఊరికే విసుగు, చిన్నమాటకే కోపం, ఏడుపు, కొందరికి దిగులు, అరుదుగా చనిపోవాలన్న ఆలోచన. ఇంట్లోవాళ్లు అది మనిషి స్వభావం అనుకుంటారు, మందు వేసుకునేవాళ్లకు తెలియదు. మందు మొదలైన మొదటి రెండు నెలలు ఇంట్లో ఒకరు ఈ మార్పును గమనించాలి. ఇంతకు ముందు డిప్రెషన్ ఉన్నవాళ్లకు దీన్ని మొదటి ఎంపికగా పెట్టుకోవడం సరికాదు. కోపం తట్టుకోలేనంతగా ఉండి, ఫిట్స్ మాత్రం ఆగిపోయి ఉంటే దీని దగ్గరి చుట్టమైన బ్రివరాసెటామ్‌కి మారొచ్చు. నెమ్మదిగా మార్చాల్సిన పని లేదు, రేపటి నుంచి ఇది బదులు అది. 1000 మి.గ్రా లెవెటిరాసెటామ్‌కు బదులు సుమారు 100 మి.గ్రా బ్రివరాసెటామ్ అని లెక్క. రెండూ కలిపి వాడితే లాభం ఏమీ పెరగదు, ఎందుకంటే రెండూ మెదడులో ఒకే చోట అతుక్కుంటాయి.

మరి ఎవరికి ఏది? మగవాళ్లలో, పిల్లలు కనే వయసు దాటిన ఆడవాళ్లలో వాల్ప్రోయేట్. ఆడపిల్లల్లో, పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలలో ముందు లెవెటిరాసెటామ్, తర్వాత లామోట్రిజీన్. మగవాళ్లకూ ఒక మాట: 2024 జనవరిలో యూరప్ మందుల సంస్థ, బిడ్డ కోసం ప్రయత్నించే ముందు మూడు నెలల్లో తండ్రి వాల్ప్రోయేట్ వాడి ఉంటే బిడ్డ ఎదుగుదలలో ఇబ్బందులు కొద్దిగా పెరగొచ్చని జాగ్రత్త చెప్పింది. బ్రిటన్ అదే నెల నుంచి 55 ఏళ్ల లోపు మగ, ఆడ ఎవరికైనా కొత్తగా మొదలుపెట్టాలంటే ఇద్దరు స్పెషలిస్టులు ఒప్పుకోవాలని నిబంధన పెట్టింది. పెళ్లయి పిల్లల కోసం చూస్తున్న అబ్బాయి ఈ విషయాన్ని డాక్టరుతో మాట్లాడాలి, మాట్లాడకుండా మందు ఆపేయకూడదు.

చిన్నపిల్లల ఆబ్సెన్స్ ఫిట్స్‌కు లెక్క కాస్త వేరు. 2010లో అమెరికాలో మూడు మందుల్ని పోల్చారు. పదహారు వారాల తర్వాత మందు విఫలం కాకుండా నిలిచినవాళ్లు ఎథోసక్సిమైడ్‌లో 53 శాతం, వాల్ప్రోయేట్‌లో 58 శాతం, లామోట్రిజీన్‌లో 29 శాతం. మొదటి రెండూ సమానమే, కానీ చదువు మీద ధ్యాస వాల్ప్రోయేట్ వాడిన పిల్లల్లో ఎక్కువగా దెబ్బతింది. కాబట్టి దొరికితే ఎథోసక్సిమైడే మేలు. ప్రతి మెడికల్ షాపులోనూ ఉండదు, తెప్పించుకోవాల్సి వస్తుంది. ఆబ్సెన్స్‌తో పాటు పెద్ద ఫిట్స్ కూడా ఉంటే అది చాలదు, వాల్ప్రోయేట్‌కే వెళ్లాలి.

ఫోకల్ మూర్ఛకు: కార్బమజెపీన్ కుటుంబం, లామోట్రిజీన్, లెవెటిరాసెటామ్

ఇక్కడ వరస తారుమారవుతుంది. సానాడ్, సానాడ్-2 రెండూ ఫోకల్ మూర్ఛకు లామోట్రిజీన్‌ను ముందుంచాయి. ఫిట్స్ ఆపడంలో కార్బమజెపీన్‌కు దగ్గరగా ఉంటుంది, వాడేవాళ్లు మధ్యలో మానేయడం తక్కువ.

లామోట్రిజీన్‌తో చిక్కల్లా ఓపిక. ఒంటరిగా వాడితే మొదటి రెండు వారాలు రోజుకు 25 మి.గ్రా, తర్వాత రెండు వారాలు 50 మి.గ్రా, ఆ పైన వారానికో రెండు వారాలకో 50 చొప్పున పెంచుతూ 100 నుంచి 200 మి.గ్రా చేరాలి. అప్పటికే వాల్ప్రోయేట్ వాడుతుంటే అది లామోట్రిజీన్ స్థాయిని రెట్టింపు చేస్తుంది కాబట్టి రోజు విడిచి రోజు 25 మి.గ్రాతో మొదలవ్వాలి. తొందరపడి పెంచితే స్టీవెన్స్-జాన్సన్ అనే ప్రాణాంతకమైన దద్దుర్ల జబ్బు ముప్పు పెరుగుతుంది. ఐదారు రోజులు వరసగా మానేస్తే పాత డోసుతో మళ్లీ మొదలుపెట్టకూడదు, 25 నుంచి రావాలి. ఊరెళ్లి మాత్రలు మరిచిపోయి, తిరిగొచ్చాక ఒకేసారి 200 వేసుకునేవాళ్లు ఉంటారు, వాళ్లకు ముందే చెప్పి పెట్టాల్సిన మాట ఇది. వారానికి రెండు మూడు ఫిట్స్ వస్తున్న మనిషికి ఈ ఆరు వారాలు ఆగేంత వ్యవధి ఉండదు. అలాంటప్పుడు లెవెటిరాసెటామ్ గానీ, త్వరగా పనిచేసే క్లోబజామ్ (దీని సంగతి కింద ఉంది) గానీ అండగా పెట్టి, లామోట్రిజీన్ స్థిరపడ్డాక వాటిని తీసేయడం మంచి పద్ధతి.

కార్బమజెపీన్ (టెగ్రిటాల్ లాంటివి) ధర తక్కువ, ఫోకల్ మూర్ఛ మీద పట్టు ఎక్కువ. 100 నుంచి 200 మి.గ్రాతో మొదలుపెట్టి వారం వారం పెంచి, 600 నుంచి 1200 మి.గ్రా రెండు పూటలుగా ఇస్తారు. ఇది తనను తానే కరిగించే ఎంజైములను పెంచుకుంటుంది. మొదటి వారాల్లో తల తిరిగిన డోసే నెల తిరిగేసరికి చాలకుండా పోతుంది, అప్పుడు ఫిట్ వస్తే మందు పనిచేయలేదని మార్చేస్తారు. నిజానికి అప్పుడు చేయాల్సింది డోసు పెంచడం. మాత్ర వేసుకున్న గంట రెండు గంటలకు రెండు రెండుగా కనిపించి తర్వాత సర్దుకుంటోందంటే, ఆ సమయంలో మందు రక్తంలో బాగా పైకి ఎక్కుతోందని అర్థం. నెమ్మదిగా విడుదలయ్యే సీఆర్ మాత్రకు మారితే చాలావరకు పోతుంది.

కార్బమజెపీన్ దద్దుర్లకు హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యువుతో గట్టి సంబంధం ఉంది. మొదలుపెట్టకముందే రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. పరీక్ష వీలుకాకపోయినా మొదటి రెండు నెలలు దద్దుర్లు, జ్వరం, నోటి పుండ్లు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. ఆక్స్‌కార్బజెపీన్ దీనికి దగ్గరి చుట్టం. కార్బమజెపీన్ డోసుకు ఒకటిన్నర రెట్లు దీని డోసు. దద్దుర్లు కాస్త తక్కువ, కానీ కార్బమజెపీన్‌తో దద్దుర్లు వచ్చినవాళ్లలో నాలుగోవంతు మందికి దీనితోనూ వస్తాయి. సోడియం పడిపోవడం దీనిలోనే ఎక్కువ. బీపీకి నీటి మాత్రలు వాడే పెద్దవాళ్లు మందు మొదలైన రెండు మూడు వారాలకు సోడియం చూపించుకోవాలి. మత్తు, తడబాటు, అయోమయం వస్తే వయసు వల్ల అని వదిలేయకూడదు.

పక్షవాతం వచ్చిన తర్వాత ఫిట్స్ మొదలైన అరవై, డెబ్భై ఏళ్లవాళ్లకు మా ఎంపిక లామోట్రిజీన్ లేదా తక్కువ డోసు లెవెటిరాసెటామ్. వాళ్లు వాడే రక్తం పలుచబరిచే మందుల్ని, కొలెస్టరాల్ మాత్రల్ని కార్బమజెపీన్, ఫెనిటాయిన్ రెండూ నీరుగారుస్తాయి. టీబీ మందులు వాడేవాళ్ల పరిస్థితి ఇంకా చిక్కు: రిఫాంపిసిన్ కొన్ని మూర్ఛ మందుల్ని తగ్గిస్తుంది, ఐసోనియాజిడ్ ఫెనిటాయిన్, కార్బమజెపీన్ స్థాయిలను పెంచేస్తుంది. అక్కడ లెవెటిరాసెటామ్‌కు పోటీ లేదు.

మన ప్రాంతంలో కొత్తగా ఫోకల్ ఫిట్స్ వచ్చి, స్కాన్‌లో చిన్న ఉంగరంలా మచ్చ కనబడితే బద్దెపురుగు (టేప్‌వార్మ్) గుడ్ల వల్ల వచ్చే న్యూరోసిస్టిసర్కోసిస్ ముందు గుర్తుకు రావాలి. కూరగాయలు, నీళ్ల ద్వారా గుడ్లు లోపలికి పోతాయి కాబట్టి మాంసం ముట్టనివాళ్లకూ వస్తుంది. ఆల్బెండజోల్ కిలోకు 15 మి.గ్రా చొప్పున రోజుకు రెండు భాగాలుగా, అన్నం తిన్నాక, స్టెరాయిడ్‌తో కలిపి ఇస్తారు. ఫెనిటాయిన్, కార్బమజెపీన్ ఈ ఆల్బెండజోల్ స్థాయినీ స్టెరాయిడ్ స్థాయినీ తగ్గిస్తాయి, కాబట్టి ఇక్కడా లెవెటిరాసెటామ్ మేలు. మచ్చ పూర్తిగా మాసిపోతే ఆరు నెలల తర్వాత మూర్ఛ మందు ఆపే సంగతి ఆలోచించొచ్చు. కాల్షియం గట్టిపడి మిగిలిపోతే ఎక్కువకాలం వాడాలి.

పాత మందులు: ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్

ఫినోబార్బిటోన్ 1912 నుంచి, ఫెనిటాయిన్ 1938 నుంచి వాడుకలో ఉన్నాయి. ఎప్టాయిన్, గార్డినాల్ అన్న పేర్లు పల్లెల్లో కూడా తెలుసు. ఏమీ దొరకని చోట ఇవి ప్రాణాలు నిలిపాయి, ఇప్పటికీ నిలుపుతున్నాయి. డబ్బుల్లేక మందు మానేయడం కన్నా ఫినోబార్బిటోన్ క్రమంగా వేసుకోవడం వెయ్యి రెట్లు మేలు. కానీ లెవెటిరాసెటామ్, లామోట్రిజీన్ జనరిక్ షాపుల్లో అందుబాటు ధరకు వచ్చిన రోజుల్లో ఇరవై ఏళ్ల అమ్మాయికి కొత్తగా ఫెనిటాయిన్ మొదలుపెట్టడం సరైన పని కాదు. చిగుళ్లు ఉబ్బుతాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు గుల్లబారతాయి, కొందరికి నడక శాశ్వతంగా తూలిపోతుంది.

ఇప్పటికే ఫెనిటాయిన్ వాడుతూ ఏళ్లుగా ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్లు కంగారుపడి మార్చాల్సిన పని లేదు. ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు. ఈ మందు రక్తంలో డోసుకు తగ్గట్టు సమంగా పెరగదు. 300 నుంచి 400 మి.గ్రాకు దూకితే స్థాయి రెండింతలు, అంతకన్నా ఎక్కువ కావచ్చు. 300 దాటాక 25 నుంచి 50 చొప్పునే పెంచాలి. రక్తంలో మి.లీకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాలని రిపోర్టులో రాస్తారు, అల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ తక్కువున్నవాళ్లలో ఆ అంకె నమ్మదగింది కాదు, చూడ్డానికి తక్కువగా ఉన్నా లోపల ఎక్కువగా పనిచేస్తుంటుంది. పిల్లలకిచ్చే సిరప్ సీసాను బాగా కుదపకపోతే పైన నీళ్లలాంటి మందు, అడుగున చిక్కటి మందు మిగులుతుంది. నెల మొదట్లో ఫిట్స్, నెల చివర్లో తూలుడు ఉన్న పిల్లాడి ఇంట్లో ముందు సీసా గురించి అడగాలి. ముక్కు గొట్టం ద్వారా పాలు, జావ పోస్తున్నవాళ్లకు ఫెనిటాయిన్ ఇచ్చే ముందూ తర్వాతా గంట నుంచి రెండు గంటల ఎడం ఉండాలి, లేదంటే ఒంటికి పట్టదు.

ఫినోబార్బిటోన్ రాత్రిపూట ఒక్కసారి, 60 మి.గ్రాతో మొదలుపెడితే సరిపోతుంది. శరీరంలో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి ఒక పూట తప్పినా వెంటనే పడిపోదు. మొదలుపెట్టాక దాని అసలు ప్రభావం తేలడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పెద్దవాళ్లలో మత్తు, పిల్లల్లో అందుకు విరుద్ధంగా కుదురులేనితనం, చదువులో వెనకబాటు. ఉన్నట్టుండి ఆపేస్తే ప్రమాదం అన్నిటికన్నా దీనితోనే ఎక్కువ. అయితే పుట్టిన బిడ్డల ఫిట్స్‌లో ఇదే ఇప్పటికీ ముందు. 2020లో వెలువడిన పరిశోధనలో ఒక రోజు పాటు ఫిట్స్ ఆగినవి ఫినోబార్బిటోన్‌తో 80 శాతం, లెవెటిరాసెటామ్‌తో 28 శాతం.

గర్భం తలపెట్టినవాళ్లకు

ఇక్కడ అంకెలే మాట్లాడాలి. 2018లో వెలువడిన అంతర్జాతీయ రిజిస్ట్రీ లెక్కల్లో బిడ్డలో పెద్ద లోపాలు వాల్ప్రోయేట్‌తో 10.3 శాతం, ఫినోబార్బిటోన్‌తో 6.5, ఫెనిటాయిన్‌తో 6.4, కార్బమజెపీన్‌తో 5.5, లామోట్రిజీన్‌తో 2.9, లెవెటిరాసెటామ్‌తో 2.8 శాతం. వాల్ప్రోయేట్ డోసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. పైగా పుట్టుకతో కనబడని నష్టం ఇంకొకటుంది: కడుపులో ఉండగా వాల్ప్రోయేట్‌కు గురైన పిల్లల్లో 30 నుంచి 40 శాతం మందికి మాటలు, చదువు, ఎదుగుదలలో ఇబ్బందులు వస్తాయి.

బిడ్డ వెన్నుపాము మూసుకునేది గర్భం వచ్చిన మొదటి నాలుగు వారాల్లోనే. నెల తప్పిందని తెలిసేసరికి చాలాసార్లు ఆ దశ దాటిపోతుంది. అందుకే మందు మార్పు పెళ్లి ముందో, పిల్లల్ని కనాలనుకున్నప్పుడో జరగాలి, గర్భం తెలిశాక కాదు. అప్పటి నుంచే ఫోలిక్ యాసిడ్ వాడాలి, మన దగ్గర ఎక్కువగా 5 మి.గ్రా మాత్ర రాస్తారు. ఇప్పటికే గర్భం వచ్చి వాల్ప్రోయేట్ మీద ఉంటే భయపడి ఆపేయడం రెండు ప్రాణాలకూ ముప్పు. ఆ వారంలోనే న్యూరాలజిస్టును కలవాలి, 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాల్ని వివరంగా చూసే టిఫా స్కాన్ తప్పనిసరి.

లామోట్రిజీన్‌లో తలెత్తే చిక్కు వేరు. గర్భంలో దాని స్థాయి పడిపోతుంది, కొందరిలో సగానికన్నా ఎక్కువ. డోసు పెంచుకుంటూ పోవాలి. కాన్పు అయిన రెండు మూడు వారాల్లో మళ్లీ పాత డోసుకు తెచ్చేయాలి, మరిచిపోతే బాలింతకు తూలుడు, వాంతులు. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కూడా లామోట్రిజీన్‌ను సగానికి తగ్గిస్తాయి. కార్బమజెపీన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ విషయంలో ఇది తిరగబడుతుంది, అవి ఆ మాత్రల్నే పనిచేయనివ్వవు. కాపర్-టీ అన్నిటితోనూ సరిపోతుంది.

క్లోబజామ్ ఎక్కడ గెలుస్తుంది

రోజూ వేసే రెండో మందుగా క్లోబజామ్ (ఫ్రిజియం లాంటివి) త్వరగా పనిచేస్తుంది, కొన్ని నెలలకు కొందరిలో పదును తగ్గిపోతుంది. దాని అసలు ఉపయోగం అవసరమైనప్పుడు మాత్రమే వాడటంలో ఉంది. నెలసరి ముందు మాత్రమే ఫిట్స్ ఎక్కువయ్యేవాళ్లకు ఆ కొద్ది రోజులు ఇవ్వొచ్చు.

మన దేశంలో దక్షిణాదిలోనే ఎక్కువగా కనిపించే వేడినీళ్ల మూర్ఛలో అయితే ఇది సాటిలేనిది. కర్ణాటకలో ఎక్కువ, మన జిల్లాల్లోనూ ఉంది. బాగా కాగిన నీళ్లు చెంబుతో గబగబా తల మీద పోసుకుంటుంటే పిల్లలు శూన్యంగా చూడటం, ఆగకుండా ఇంకా ఇంకా పోసుకోవడం, తర్వాత పడిపోవడం. తలంటు రోజునే వస్తుంది కాబట్టి దిష్టి అని, గాలి సోకిందని తిప్పుతారు. ముందుగా నీళ్ల వేడి తగ్గించి, ఒంటికి పోసుకుని, తలను తడిగుడ్డతో తుడవాలి. అలా చేసినా వస్తే తలంటుకు గంటన్నర ముందు క్లోబజామ్ 5 నుంచి 10 మి.గ్రా ఒక్క మాత్ర. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు ఈ పద్ధతితో మంచి ఫలితాలు చూపించారు. రోజూ మందు మింగే బాధ చాలామందికి తప్పుతుంది. స్నానంతో సంబంధం లేకుండా కూడా ఫిట్స్ వస్తుంటే మాత్రం ఫోకల్ మూర్ఛలాగే రోజువారీ మందు కావాలి.

ఫిట్ ఆగకపోతే

ఐదు నిమిషాలు దాటితే అది అత్యవసరం. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, టైము చూడండి. నోట్లో చెంచా, చేతిలో తాళాల గుత్తి, ముక్కు దగ్గర ఉల్లిపాయ వద్దు. ఇంట్లో ఉంచుకోవడానికి ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే మేలు. డయాజెపామ్ మలద్వారం నుంచి ఇవ్వడం కన్నా ఇది బజారులోనైనా బస్సులోనైనా ఇవ్వడానికి వీలు. కిలోకు 0.2 మి.గ్రా అని లెక్క, గరిష్ఠంగా 10. ఒక్కో నొక్కుకు ఎంత మందు వస్తుందో సీసాను బట్టి మారుతుంది, కాబట్టి 'కుడి ముక్కులో ఇన్ని, ఎడమ ముక్కులో ఇన్ని' అని డాక్టరు చేత రాయించుకుని సీసాకే అంటించండి. కొత్త సీసాను మందు తుంపర వచ్చేదాకా గాల్లో నొక్కి సిద్ధం చేసుకోవాలి.

ఆస్పత్రిలో లొరాజెపామ్‌తోనూ ఆగకపోతే తర్వాతి మందు ఏదన్న చర్చకు 2019లో వెలువడిన అమెరికా పరిశోధన జవాబిచ్చింది: ఫిట్స్ ఆగింది లెవెటిరాసెటామ్‌తో 47 శాతం మందికి, ఫాస్ఫెనిటాయిన్‌తో (ఒంట్లో ఫెనిటాయిన్‌గా మారే ఇంజెక్షన్) 45, వాల్ప్రోయేట్‌తో 46. మూడూ సమానం. కాబట్టి మనిషిని బట్టి ఎంచుకోవాలి. లివర్ జబ్బుంటే లెవెటిరాసెటామ్, గుండె లయ సమస్య ఉంటే ఫెనిటాయిన్ వద్దు, గర్భిణికి వాల్ప్రోయేట్ వద్దు. ఫెనిటాయిన్ ఇంజెక్షన్ ఇస్తే నార్మల్ సెలైన్‌లోనే, నిమిషానికి 50 మి.గ్రా మించకుండా. డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే గడ్డకడుతుంది.

మూడో మందా, ఆపరేషనా

సరైన మందు, చాలినంత డోసులో, క్రమంగా వాడి కూడా రెండు మందులు విఫలమైతే మూడోదానితో పూర్తిగా ఆగే అవకాశం బాగా తగ్గిపోతుంది. 2000లో వెలువడిన గ్లాస్గో పరిశోధనలో మొదటి మందుతో 47 శాతం, రెండోదానితో 13 శాతం మందికి ఫిట్స్ ఆగాయి, ఆ తర్వాత మిగిలింది కొద్దిమందే. అక్కడే నాలుగు రకాల మాత్రలు కలుపుతూ ఏళ్లు గడిపే బదులు ఆపరేషన్ అవకాశం చూపించుకోవాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల మీద జరిగి 2017లో వెలువడిన పరిశోధనలో, ఏడాది తర్వాత ఫిట్స్ లేనివాళ్లు ఆపరేషన్ అయినవాళ్లలో 77 శాతం, మందుల మీదే ఉన్నవాళ్లలో 7 శాతం. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ కూడా ఇందుకు పేరున్నది.

అక్కడికి వెళ్లేముందు ఒక కాగితం మీద ఇప్పటివరకు వాడిన ప్రతి మందు పేరు, చేరిన గరిష్ఠ డోసు, ఎన్ని నెలలు, ఎందుకు ఆపారు అన్నది రాసుకెళ్లండి. దద్దుర్ల వల్ల ఆపిన మందును ఎర్ర ఇంకుతో రాయండి. సన్నని ముక్కలుగా తీసిన మూర్ఛ ప్రత్యేక ఎంఆర్‌ఐ సీడీ, ఫిట్ వీడియోలు వెంట ఉంచుకోండి. రిపోర్టు కాగితం చాలదు, బొమ్మలు వాళ్లు తమ కళ్లతో చూడాలి.